సగం అల్లిన మేజోడు

ఆస్పత్రి మంచం మీద వాఫిల్ ముక్క తినగానే, బస్సు డ్రైవర్ టోరిల్ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది.

డాక్టర్ మారెన్ వచ్చి స్కాన్ తీయించేసరికి గంట దాటింది. అప్పటికి నొప్పి దానంతటదే పోయింది.

“ఏమీ లేదు. రేపు ఇంటికెళ్ళిపోవచ్చు,” అంది మారెన్.

“మూడు నెలల్నుంచీ ఇదే మాట. నొప్పొస్తే బస్సు దారిలోనే ఆపేయాల్సొస్తోంది,” అంది టోరిల్.

పక్క మంచం మీద ముసలావిడ ఆస్లౌగ్ మేజోడు అల్లుకుంటోంది. తలెత్తలేదు.

“నొప్పి పోయాక స్కాన్ తీస్తే ఏం కనబడుతుంది? ఇంటికి పంపకుండా ఇక్కడే ఉంచి, నొప్పి వచ్చినప్పుడు తీయండి. పేగులోకి పేగు దూరుతోంది.”

మేజోడు కొసను లోపలికి లాగి చూపించింది.

“ఇదిగో, ఇలా. పెద్దవాళ్ళలో ఊరికే దూరదు. గడ్డేదో లాగుతోంది.”

“ఆస్లౌగ్ గారూ, మేజోళ్ళు మీరు చూసుకోండి. పేగులు నేను చూసుకుంటాను,” అని నవ్వింది మారెన్.

టోరిల్ కూడా నవ్వింది.

మా తీరంలో ఎవరినీ మీరేం చేసేవారని అడగం. తమ సంగతి తామే చెప్పుకునేవాళ్ళంటే ముఖం తిప్పుకుంటాం. మర్యాదంటే మాకు అదే. మారెన్ అడగలేదు, ఆస్లౌగ్ చెప్పలేదు.

ఇంటికెళ్ళిన నాలుగో రోజు టోరిల్‌ని అంబులెన్సు పడవలో తెచ్చారు. పొట్ట డోలులా ఉబ్బి ఉంది. స్కాన్‌లో పేగులోకి పేగు, అచ్చం ఆ మేజోడులాగే.

మారెన్ ఆపరేషన్ చేసింది. లోపల ప్లమ్ పండంత కొవ్వు గడ్డ. కాన్సరు కాదు. కానీ దాని వెంట దూరిన పేగు నల్లబడిపోయింది. మూరెడు కోసేయాల్సి వచ్చింది. టోరిల్ బతికింది, మలం పోవడానికి పొట్టకు తగిలించిన సంచీతో.

“అప్పుడే చూసి ఉంటే?” అడిగింది టోరిల్.

“జానెడు కోసి కుట్టేసేదాన్ని. సంచీ ఉండేది కాదు. తప్పు నాదే.”

ఆ మాటే చెప్పడానికి మారెన్ ఆస్లౌగ్ మంచం దగ్గరికి వెళ్ళింది. ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

“నిన్న పొద్దున పోయింది. గుండె ఆగిపోయింది,” అంది పాత నర్సు బోర్గిల్ద్. సగం అల్లిన మేజోడు ఆమె చేతిలో ఉంది.

“ఆవిడకి అంత ఎలా తెలుసు?”

“ఎవరికీ చెప్పొద్దంది. ఇంక దాచి ఏం లాభం? ముప్పై ఏళ్ళ కింద ఆవిడ చెల్లెలు ఇదే నొప్పితో ఇక్కడికొచ్చింది. ఏమీ లేదని ఇంటికి పంపించారు. వారం తిరక్కుండా పోయింది.”

“పంపించిందెవరు?”

బోర్గిల్ద్ మేజోడు మారెన్ చేతిలో పెట్టింది.

“అప్పుడీ వార్డుకి సర్జన్ ఆస్లౌగే.”