గడువు తీరిన పేరు

"చచ్చిపోయిన పిల్ల పేజీ మీద పరుపులు అమ్ముతారా బాబూ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన.

యజమాని కుర్చీ ఇటు తిప్పాడు. కంప్యూటరు ముందున్న అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

జెరాక్స్ షాపు మీద ఒకే ఒక్క గది ఆ ఆఫీసు. గడువు తీరినా ఎవరూ పట్టించుకోక వేలానికొచ్చిన వెబ్‌సైటు పేర్లు కొని, వాటి మీద కొత్త దుకాణాలు తెరిపించడం అక్కడి పని. ఆ పేరు మీద అంతకుముందు ఏముండేదో పాత పేజీలు తవ్వి చూడడం ఆ అమ్మాయి వంతు. అందుకే యజమాని ఆమెను 'జాతకాల పిల్ల' అంటాడు. ఏ పేజీనైనా చివరి అక్షరం దాకా చదివి, ఒక కాపీ ఫైల్లో దాచుకుంటే గానీ ఆమెకు తోచదు.

ఈ ఒక్క పేరు దగ్గరే, కాపీ దాచుకున్నా, చదవడం సగంలో ఆపేసింది.

బడి నుంచి వానలో ఇంటికి బయల్దేరిన పద్నాలుగేళ్ళ కూతురు మర్నాడు కాలవలో తేలితే, ఒక తండ్రి పెట్టిన పేజీ అది. 'జారి పడిందంటున్నారు. నేను నమ్మను. ఆ సాయంత్రం నా బిడ్డను చూసినవాళ్ళు ఒక్క ముక్క రాయండి' అని మొదలవుతుంది. నాలుగు పేరాలు చదివేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. "జాతకం బాగుంది సార్" అని మూసేసింది. పేపర్లవాళ్ళూ బడులవాళ్ళూ మూడొందల చోట్ల నుంచి లింకులిచ్చి ఆ పేజీకి దారి చూపించారు మరి. సెర్చ్‌లో పైకి రావడానికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడక్కడ 'త్వరలో పరుపుల దుకాణం' అనే ప్రకటన, కింద ఆఫీసు చిరునామా ఉన్నాయి. అయినా రోజూ పొద్దున్న సరిగ్గా ఆరింటికి ఎవరో ఒకే ఒక్కరు ఆ లేని పేజీని వెతుక్కుంటూ వచ్చి పోతున్నారు. ఆ గుర్తు తెర మీద కనబడ్డప్పుడల్లా ఆమెకు వెన్నులో చలి పుట్టేది.

"పదకొండేళ్ళుగా పొద్దున్నే ఆరింటికి లేచి, ముందు ఆ పేజీ చూసేవాణ్ణి" అన్నాడు పెద్దాయన. "ఆ పాప నా కూతురు. ఒంట్లో బాగాలేక గడువు చూసుకోలేదు. తిరిగి ఇచ్చేయండి బాబూ."

రోజూ ఆరింటికి తెర మీద కనబడే గుర్తు ఈయనదన్నమాట, అనుకుంది ఆమె.

"వేలంలో కొన్నాం పెద్దాయనా" అన్నాడు యజమాని.

"పరుపులకి కొత్త పేరు కొనుక్కోరాదూ?"

"కొత్త పేరంటే పురిటి బిడ్డండీ. బోర్లాపడి, పాకి, నాలుగడుగులు వేసేసరికి ఏడాది. పాత పేరైతే లేచి పరిగెడుతుంది. నెలకల్లా మొదటి పేజీలో కనబడాలని పరుపులాయన నా పీక మీద కూర్చున్నాడు. అయినా, మీరే తండ్రని నమ్మకమేంటి?"

"సార్!" అంది అమ్మాయి.

పెద్దాయన నొచ్చుకోలేదు. కిటికీ అవతల సన్నగా జల్లు మొదలైంది. అటే చూస్తూ అన్నాడు.

"ఇలాంటి వానే. తెల్ల రిబ్బన్లు తడిసి బుగ్గలకి అంటుకున్నాయి. కొత్త గొడుగు, పసుపుపచ్చది. పిడికి కట్టిన ధర చీటీ కూడా తెంపలేదు పిచ్చితల్లి. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ చీటీ గాలికి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది."

యజమాని తల దించుకున్నాడు.

"మళ్ళీ ఆ పేజీ పెడతారా?" అడిగింది అమ్మాయి.

"లేదు తల్లీ. జారి పడిందని అందరూ అన్నారు. ఇన్నేళ్ళకి నేనూ అదే అనుకుందామని. పాప ఇక నిద్రపోవాలి కదా."

ఆమె లేచి నిలబడింది. "సార్, కొత్త పేరుతోనే పరుపుల సైటును నేను పైకి తెస్తాను. ఆర్నెల్లు ఇవ్వండి. తేలేకపోతే నన్ను తీసెయ్యండి."

"ఉన్న ఒక్క ఉద్యోగాన్ని పణంగా పెడతావా? జాతకాలు తవ్వీ తవ్వీ దయ్యం నీకే పట్టిందే!" అని విసుక్కున్నాడు యజమాని. పెద్దాయన వంక ఒకసారి చూసి, "సరే, కానీ" అన్నాడు.

పావుగంటలో ఆ పేరు చేతులు మారింది. పెద్దాయన వెళ్ళబోతూ ఆగాడు. "ఆ పేజీ మెయిలుకి ఉత్తరాలేమైనా వచ్చాయా తల్లీ?"

వారం కిందట ఒకటి వచ్చింది. 'అయ్యా, ఇన్నేళ్ళూ భయపడి నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం కాలవగట్టు మీద...' ఇతరుల ఉత్తరం చదవకూడదని ఆమె అక్కడితో ఆపేసింది. ఇప్పుడు ఆయన ఫోనుకి పంపింది.

ఆయన చాలాసేపు చదువుకున్నాడు.

"మీ దగ్గరున్నది తీసెయ్యమ్మా. ఒకరి దుఃఖం పదిచోట్ల పడుండకూడదు."

తీసేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. మంచుముక్కలా ఉంది ఆ చెయ్యి. మెట్ల మీద చెప్పుల చప్పుడు మెల్లగా దిగి, వానలో కలిసిపోయింది.

ఆమెకు ఎన్నాళ్ళదో బరువు దిగినట్టయింది. ఇక ఈ ఫైలు మూసేయొచ్చు. సగంలో వదిలిన జాతకాన్ని అలాగే మూయడం మాత్రం మనసొప్పలేదు. దాచుకున్న కాపీ తెరిచింది. ఈసారి కళ్ళు మసకబారలేదు. తండ్రి రాసిన ఆఖరి పేరా దాకా వచ్చింది.

'బడి వదిలాక, దాచుకున్న చిల్లరతో సందు మొదట్లో కొట్లో కొత్త గొడుగు కొనుక్కుందట. ఆ రోజు వానకి నలభై గొడుగులు అమ్మానని, పాపకి ఏది ఇచ్చానో గుర్తులేదని అంటాడు కొట్టతను. కాలవంతా గాలించినా గొడుగు దొరకలేదు. ఆ గొడుగు ఏ రంగో ఈ రోజుకీ మాకు తెలియదు.'