మాట వినే అల్లుడు

"పెద్దది తీసుకుందాం మావయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

"చిన్నది చాలు," అన్నాడు మామగారు.

"మనం జరపాల్సింది లేత్ మిషను. కుర్చీ కాదు."

"నాకు తెలీదా? దాని ముందు నిలబడి నడుం వంగింది నాది. నీది కాదు."

హార్డ్‌వేర్ షాపాయన బల్ల మీద రెండు చేతి వించీలు పెట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. వించి అంటే పెద్ద విద్యేమీ కాదు. హ్యాండిల్ తిప్పుతుంటే డ్రమ్ముకి ఇనప తాడు చుట్టుకుంటుంది. ఆ కొసన కట్టిన బరువు ఈ కొసకి వస్తుంది.

"చిన్నదైతే మిషను వించి దగ్గరకి రాదు సార్, వించే మిషను దగ్గరకి పోతుంది," అన్నాడు షాపాయన.

"అదేగా ఇందాకట్నుంచీ నేను చెబుతున్నది!" అన్నాడు మామగారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. "పెద్దదే ఇవ్వు."

"తాడు కూడా కొత్తది తీసుకుందాం."

"తాడు మనకుంది."

"అది తీగలు తెగి ముళ్లు లేచిపోయింది మావయ్యా."

"ముళ్లు లేచిన తాడు దేన్నయినా పట్టుకుందంటే వదలదు సార్," అన్నాడు షాపాయన.

"నేనూ అంతే," అని వించి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు మామగారు.

వీధిలోకొచ్చాక ఆగి, ఖాకీ లాగు జేబులోంచి వర్క్‌షాపు తాళంచెవి తీసి అల్లుడి ముక్కు ముందు ఆడించి, మళ్లీ జేబులో పడేసుకున్నాడు. "ఇవాళ మిషను వెనక గదిలోంచి ముందు గదిలోకి వచ్చిందా, ఇది నీది. రేపట్నుంచి వర్క్‌షాపు నువ్వే చూసుకో. కానీ ఎదురు చెప్పకూడదు. లాగు అంటే లాగాలి, ఆపు అంటే ఆపాలి. మధ్యలో నీ తెలివితేటలు దూర్చావో, తాళంచెవి పెద్దల్లుడికి పోతుంది."

పెద్దల్లుడు మామగారు తానా అంటే తందానా అనే రకం. లేత్ మిషనుకి ముందేదో వెనకేదో కూడా తెలీని మనిషి. చిన్నల్లుడు నోటిదాకా వచ్చిన మాటని మింగేశాడు. పొద్దున బయల్దేరేటప్పుడే పెళ్లాం చెప్పింది, "మీకు మీ నోరే శత్రువు. ఇవాళ్టికి దాన్ని ఇంట్లో పెట్టి వెళ్లండి" అని.

ముందు గది గోడలో పాతిన ఇనప రింగుకి వించి బిగించారు. పాత తాడు కొసని వెనక గదిలో మిషనుకి తగిలించారు. దొర్లడానికి మిషను కింద ఇనప గొట్టాలు పెట్టారు. వెనకబడ్డ గొట్టాన్ని తెచ్చి మళ్లీ ముందు పెట్టడం మామగారి పని. గోడవైపు తిరిగి హ్యాండిల్ తిప్పడం అల్లుడి పని. పక్కనే ఇల్లు కాబట్టి అత్తగారూ, చిన్నల్లుడి పెళ్లామూ వచ్చారు. ఉచితంగా చూపిస్తే మిషను జరపడం కూడా వినోదమే కదా, వీధిలోవాళ్లు కూడా వీధి గుమ్మంలో చేరారు.

"ఏవండీ, ఆ లాగుకి బొత్తం ఊడింది. ప్యాంటు వేసుకోండి," అంది అత్తగారు.

"ఏం, నన్ను చూసి మిషను పారిపోతుందా?"

"పారిపోతే మంచిదే. అల్లుడికి శ్రమ తప్పుతుంది."

మామగారు ఆవిడవైపు ఉరిమి చూశాడు. "అల్లుడూ, వెనక్కి తిరక్కు! కళ్లు గోడ మీద, చెవులు నా మీద. ఊఁ, లాగు!"

చిన్నల్లుడు తిప్పాడు. వించి కటకటమంది. తాడు బిగిసింది. మిషను ఓసారి మూలిగి కదిలింది.

"ఆపు!"

ఆపాడు. గొట్టం మారింది.

"లాగు!"

తిప్పాడు. తాడు వంకరగా చుట్టుకుంటోందని చెప్పబోయి నాలుక కరుచుకున్నాడు. మిషను రెండు గదుల మధ్య గుమ్మం దాకా వచ్చింది. మామగారు గొట్టం పట్టుకుని, కదులుతున్న తాడు మీంచి ఇటునుంచి అటు దాటబోయాడు.

"లాగు!" అని కేకేశాడు.

అంతవరకూ లేని ఊపు ఆ గొంతులో! చిన్నల్లుడు ఇంకాస్త గట్టిగా తిప్పాడు.

"అయ్యో! లాగు! లాగు!"

"లాగుతున్నా మావయ్యా!"

గుమ్మంలో ఈలలు మోగాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. పెళ్లాం "ఏవండీ" అని ఏదో అనబోయి పకపకా నవ్వేసింది. తన పని చూసి ఆవిడ అంత సంబరపడటం పెళ్లయ్యాక ఇదే మొదలు. చిన్నల్లుడి ఒళ్లు పొంగిపోయింది. ఒక్కసారి వెనక్కి చూద్దామని మనసు తెగ పీకింది. చూడలేదు. పెద్దల్లుడైతే చూస్తాడా?

"లాగు నాయనా... లాగు..."

మామగారి గొంతు బతిమాలుడులోకి దిగింది. ఎప్పుడూ కసురుకునే మనిషి నాయనా అన్నాడు! ఆ ఒక్క మాటతో చిన్నల్లుడికి ఏనుగు బలం వచ్చింది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. తిప్పాడు, తిప్పాడు, హ్యాండిల్ బిర్రబిగిసి ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాడు.

వెనకాల గొట్టాల చప్పుడు ఆగింది. మిషను ముందు గదిలోకి వచ్చేసింది.

హ్యాండిల్ ఎందుకు బిగిసిందా అని వంగి చూశాడు. డ్రమ్ము మీద తాడు చుట్ల మధ్య ఏదో గుడ్డ ముద్దగా ఇరుక్కుని ఉంది. చెయ్యిపెట్టి పీకితే అందులోంచి తాళంచెవి ఠంగుమని కిందపడింది.

చిన్నల్లుడు అది తీసుకుని, అప్పుడు తిరిగాడు వెనక్కి. మిషను వెనకనుంచి మామగారి తల ఒక్కటే కనబడుతోంది.

"తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అల్లుడూ," అన్నాడు మామగారు. "ఆ లాగు మాత్రం ఇటు పారెయ్!"