కాల్చని మిరపకాయలు

"లే అవ్వా, జర తిను. పచ్చిపులుసు నేనే చేసిన."

పక్కింటివాళ్లు ఇచ్చిపోయిన అన్నంలో పులుసు కలిపి, పదేళ్ల హరిత తన తల్లి నోటికి ముద్ద అందించింది. తెలంగాణ రావాలని తొర్రూరు సెంటర్లో కొడుకు ఒంటికి నిప్పంటించుకుని పోయినప్పటి నుంచి లచ్చవ్వ మెతుకు ముట్టలేదు.

బలవంతంగా నమిలింది. "మిరపకాయలు కాల్చకుంటనే పిసికినవేందే?"

"అగ్గిపెట్టె బాయిల పారేసిన."

"ఎందుకు?"

హరిత తల ఎత్తలేదు. "మంచం కింద నువ్వు దాసిపెట్టిన గాసునూనె డబ్బా సూసిన."

లచ్చవ్వ నమలడం ఆపింది. కూతురి వేళ్లు మిరప మంటకు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆ చేతిని పట్టుకుని, మెల్లగా మింగింది.

"గిట్లనే మంచిగుంది బిడ్డా. ఇంకో ముద్ద పెట్టు."