అండాలు సంతకం

వరంగల్ చౌరస్తాలోని బట్టల దుకాణంలో, గల్లా వెనక యజమాని భానుచందర్ వాళ్ల తాతది నిలువెత్తు రంగుల పటం ఉండేది. కొత్త షోరూం ప్రారంభం నాడు గొప్పగా చెప్పుకోవడానికి, దాన్ని ఏ పెద్ద చిత్రకారుడు గీశాడో కనిపెట్టమని అతను భార్య సుభాషిణిని అడిగాడు. పెళ్లికి ముందు ఆమె బొమ్మలు వేసేది.

సుభాషిణి టర్పెంటైన్‌లో ముంచిన దూదితో కింది మూల తుడుస్తుంటే, గోధుమ రంగు కింద నుంచి ఒక సంతకం బయటపడింది. అండాలు.

"మీ నాయినమ్మ పేరు! ఆమెనే గీసిందండి!" అంది సంబురంగా.

భానుచందర్ మొహం మాడిపోయింది. "ఆమె పేరు చెప్తే ఎవలు మెచ్చుకుంటరు? నవ్వుతరు. జర రంగేసి కప్పెయ్."

సుభాషిణి మళ్లీ పటం మీదికి వంగింది. సంతకం మీది రంగు, తాత కోటుకు వేసిన రంగే. కుంచె గీతలూ అవే.

"అప్పుడు కప్పింది గూడ ఆమెనే. ఎవరో చెప్తేనే కప్పి ఉంటది," అంది మెల్లగా.

"చూసినవా, చెప్తే వినేటిది," అన్నాడు భానుచందర్ మెచ్చుకోలుగా.

సుభాషిణి కుంచె తీసుకుంది. ఆ గోధుమ రంగు సరిగ్గా కుదరడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.