మూడో కోడ్

"అక్కా, నీ ఫోన్‌కి ఓ కోడ్ వస్తుంది, సంతకానికి. రాగానే చెప్పవూ?" కంప్యూటర్ గదిలోంచి చిన్న కోడలు అడిగింది.

పెద్ద కోడలు కుట్టుమిషన్ ఆపకుండానే "ఆఁ" అంది. బాబిన్ల డబ్బా పక్కనున్న ఫోన్ వెంటనే మోగింది. ఆరంకెలు. ఎవరి పేరూ లేదు. ఉండక్కర్లేదు కూడా. తోడికోడలి ఫోన్ మొన్ననే బట్టల బకెట్లో పడి చచ్చింది. మగవాళ్ళ ఫోన్లు వాళ్ళతోపాటు పనికెళ్ళాయి. ఇంట్లో మిగిలింది తన ఫోనొక్కటే.

కాలేజీ ఫీజు సాయం దరఖాస్తులకి ఇవాళ సాయంత్రం అయిదింటితో సరి. పిల్ల తల్లో తండ్రో ఆన్‌లైన్లో సంతకం పెట్టాలి, అంటే ఫోన్‌కొచ్చిన కోడ్ కొట్టాలి. ఆ సాయం రాకపోతే ఈ ఇంట్లో ఏ పిల్లా ఈ ఏడు కాలేజీ గడప తొక్కదు.

తన కూతురి దరఖాస్తు పెద్ద కోడలు పోయిన వారమే పంపేసింది. "ఒక్కసారి చూడనా అక్కా?" అని చిన్నది వెనకాల నిలబడితే, "నాకూ చదువొచ్చులేమ్మా" అంటూ 'పంపు' అన్నచోట టక్కున నొక్కి, ఇంకేదో పేజీ వస్తుండగానే కంప్యూటర్ కట్టేసింది. అందరికీ నీతులు చెప్పే తోడికోడలు తన పిల్లది ఇప్పటిదాకా నానబెట్టిందన్నమాట. తలుచుకుంటే నవ్వొచ్చింది.

తోడికోడలి ఆఫీసు ఉద్యోగాన్ని పెద్ద కోడలు ఎలాగో మింగింది. మామగారు ప్రతిదానికీ "చిన్నమ్మాయినడగండి" అనడాన్నీ మింగింది. చిన్నదాని కూతురికి నాలుగు మార్కులు ఎక్కువొస్తే, అదీ మింగింది. సొంత కూతురు మూడు పూటలా పిన్ని వెంటే తిరగడం మాత్రం గొంతు దిగలేదు. పొద్దున్న కూడా ఇద్దరూ గుసగుసలాడుతూ, తను గదిలోకి రాగానే నోళ్ళు కట్టేసుకున్నారు. ఏం చాడీలో ఏమో.

"వచ్చిందా అక్కా?"

"ఏమీ రాలేదే," అంటూ పెద్ద కోడలు మెసేజ్ చెరిపేసింది.

చిన్నది మళ్ళీ నొక్కింది. మూడుసార్లే పంపుతారట, ఆ తర్వాత తాళం పడిపోతుందట. రెండో కోడ్ కూడా మొదటిదాని దారే పట్టింది.

మూడోది వచ్చినప్పుడు మాత్రం వేలు ఆగింది. మధ్యలో చిన్నదాని కూతురేం చేసింది పాపం. ఆ పిల్లకి మొట్టమొదటి గౌను కుట్టింది ఈ మిషన్ మీదే. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

అంతలో లోపల్నుంచి తన కూతురి గొంతు వినిపించింది.

"నీకున్న ఓపికలో సగం అమ్మకుంటే ఎంత బావుండేది పిన్నీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. మూడో కోడూ పోయింది.

కాసేపటికి చిన్న కోడలు బయటికొచ్చింది. ఫోన్ ఒక్కసారి చూడనిమ్మంది. పెద్ద కోడలు ధీమాగా చేతికిచ్చింది. అందులో ఏమీ లేదు. గోడ గడియారం అయిదు కొట్టింది. చిన్నది స్టూలు మీద కూలబడిపోయింది.

"పోనీలే, బాధపడకు. వచ్చే ఏడు పెట్టుకోవచ్చు. ఒక్క ఏడాదికి ఏం కొంప మునిగింది?" పెద్ద కోడలు ఆవిడ వీపు నిమిరింది. ఎన్నాళ్ళ తర్వాతో కడుపులో చల్లగా ఉంది.

"నీకెలా చెప్పాలో తెలీడం లేదక్కా," అంటూ చిన్నది కళ్ళు తుడుచుకుంది.

తలుపు చాటునుంచి పెద్ద కోడలి కూతురు ముందుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. వద్దని పిన్ని చెయ్యి పట్టుకున్నా ఆగలేదు.

"అమ్మా, ఆ కోడ్ నా దరఖాస్తుది. అది నీ సంతకం."