కాబోయే సంయుక్త కార్యదర్శి

సంఘం పేరు శాసనసభ్యుల పత్రాల పరిరక్షకుల సంఘం. ఎమ్మెల్యేలు చదవకుండా పక్కన పడేసిన అర్జీలనూ, చదివి మరిచిపోయిన ప్రసంగాలనూ చదపురుగుల నుంచి కాపాడటం వీళ్ల వృత్తి. ఇంతటి నిస్వార్థపరులకు కూడా పదవి అనేసరికి ఎందుకో నోరూరుతుంది.

ఈసారి ఎన్నిక కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలోని ఒక కల్యాణమంటపంలో పెట్టారు. అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ. ఒకరు కోలారులో ఒక కాలేజీ పత్రాల గది చూసే పురుషోత్తమ్. మరొకరు కేజీఎఫ్‌లోనే ఉద్యోగం చేసే సౌభాగ్య.

తగువంతా ఒక పాత ఎమ్మెల్యే వదిలిపోయిన పెట్టెల గురించి. గని కార్మికులు ఆయనకు రాసుకున్న అర్జీలు వాటినిండా ఉన్నాయి. బెంగళూరుకు పంపేస్తే ఏసీ గదిలో భద్రంగా ఉంటాయని పురుషోత్తమ్ వాదన. రాసినవాళ్ల పిల్లలు ఇక్కడుంటే కాగితాలు అక్కడెందుకని సౌభాగ్య వాదన. ఆ అర్జీల్లో ఆమె తండ్రిది కూడా ఒకటుంది. అందుకే ఆమెకు ఈ ఎన్నిక ప్రాణంతో సమానం.

వేమగల్ నుంచి వచ్చిన నాగేశ్‌కు ఆ పెట్టెలతో పనిలేదు. సంఘంలో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే సంయుక్త కార్యదర్శి పదవి మీద కన్నుపడింది. ఆ పదవి ఇచ్చేది గెలిచిన అధ్యక్షులే. సౌభాగ్య వైపు గాలి వీస్తోందని పసిగట్టి, పొద్దున్నే ఆమె పక్కన చేరాడు.

"అక్కా, నేను మీ మనిషినే. గెలిచినాక నన్ను మర్చిపోవద్దు."

"ముందు గెలవనీప్పా. పని చేసేవాడివైతే నీకే ఇస్తాను."

ఆమెకు పురుషోత్తమ్ అంటే ఎంత మంటో నాగేశ్‌కు కాసేపట్లోనే అర్థమైంది. ఆమె అతని పేరు కూడా పలకడంలేదు.

"ఆ మనిషి తీసిన ఫైలు తీసిన చోట పెట్టినాడా ఎప్పుడన్నా? కండ్లద్దాలు నెత్తిన పెట్టుకుని యాడ పోయినాయని ఊరంతా అడుగుతాడు. చెప్పీ చెప్పీ బేజారైపోయింది. అట్లాటోళ్ల చేతికి సంఘం ఇస్తే ఇంగ అంతే."

ప్రత్యర్థి గుట్టంతా సేకరించి పెట్టుకున్న ఆమె తెలివికి నాగేశ్ ముగ్ధుడయ్యాడు.

భోజనాల దగ్గర మరీ ముచ్చటేసింది. వడ్డించే అతన్ని ఆపి ఆమె మెల్లగా చెప్పింది.

"ఆ మూల కూర్చున్నాడు చూడు, ఆయప్పకి ఒబ్బట్టు వేయొద్దు. అడిగినా వేయొద్దు."

పురుషోత్తమ్ పక్కవాళ్ల ఆకుల్లోని తీపి వైపు చూస్తూ చారన్నం కలుపుకున్నాడు. శత్రువును కడుపుమీద కొట్టడం రాజకీయాల్లో కొత్తేమీ కాదు. ఇంత బహిరంగంగా కొట్టడం మాత్రం నాగేశ్ మొదటిసారి చూశాడు. నాయకురాలంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

భోజనాలయ్యాక ప్రసంగాలు. పురుషోత్తమ్ రెండు ముక్కల్లో ముగించాడు.

"ఆమె ఒకటి అనుకుంటే ఎవురి మాటా వినదు. ఆ సంగతి నాకు తెలిసినంత మీకు తెల్దు. నేను ఒక్కసారన్నా గెలవాలప్పా, ఓటెయ్యండి."

సభ పగలబడి నవ్వింది. ఓటమి ఒప్పుకున్నట్టేనని నాగేశ్ తేల్చేసుకున్నాడు. పక్కనే ఉన్న పాత సభ్యుడు రామాంజినప్పతో అతను పొద్దుటినుంచీ పురుషోత్తమ్‌ను తిట్టిపోస్తూనే ఉన్నాడు.

"ఈ మాటలు సౌభాగ్యమ్మ ముందర అంటావా?" అన్నాడు రామాంజినప్ప.

"ఎందుకనను? ఎవురికి భయం?"

"అయితే మైకులోనే చెప్పప్పా. అందరం వింటాం."

అంత ప్రోత్సాహం దొరికాక నాగేశ్ ఆగుతాడా? ఎగిరి వేదిక ఎక్కాడు.

"అన్నలారా, అక్కలారా! ఈ పురుషోత్తమ్‌కి కాగితం విలువ తెల్దు, మనిషి విలువ తెల్దు. ఒట్టి సోమరి. ఇట్లాటి మనిషిని ఇంట్లోవాళ్లు ఎట్ల భరిస్తా ఉండారో ఆ దేవునికే తెలియాల!"

సభ ఇందాకటికన్నా గట్టిగా నవ్వింది. రామాంజినప్ప కళ్లు తుడుచుకున్నాడు. తనలో ఇంతటి వక్త దాగి ఉన్నాడని నాగేశ్‌కు ఆనాటిదాకా తెలియదు. సౌభాగ్య ఒక్కతే నవ్వలేదు.

"ఆయప్పను అనాల్సింది ఉంటే నేనంటాను. నువ్వు అనొద్దు," అంది, దిగివచ్చిన అతనితో.

ఘనతంతా తమకే దక్కాలనుకునే నాయకులు ఇలాగే మాట్లాడతారని నాగేశ్ సర్దిచెప్పుకున్నాడు.

ఓట్లు లెక్కపెట్టారు. సౌభాగ్య గెలిచింది. పెట్టెలు కేజీఎఫ్ దాటిపోవు. ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నాగేశ్ ఆనందం మాత్రం పూర్తిగా సొంతానిది. కార్యవర్గం ప్రకటించడమే తరువాయి కాబట్టి చొక్కా సరిచేసుకుని మొదటి వరుసలోకి వచ్చి కూర్చున్నాడు.

ఎన్నికల అధికారి ఓబలప్ప టేకల్‌లో రిటైరైన హెడ్మాస్టరు. ఏ పక్షమూ కాని మనిషి కావాలని బయటినుంచి పిలిపించారు. ఆయనకు ఇక్కడ ఎవరెవరో తెలియదు. రూలు మాత్రం తెలుసు.

"కార్యవర్గం చెప్పేదానికి ముందర, ఓడిన అభ్యర్థికి పేరుపెట్టి కృతజ్ఞత చెప్పాలమ్మా. రూల్సులో ఉండాది. నువ్వు చెప్తే నేను రాసుకుంటాను."

సౌభాగ్య మైకు ముందు నిలబడి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. సభలో గుసగుసలు మొదలయ్యాయి.

"చెప్పమ్మా. గెలిచినావు కదా, ఇంగా కోపమెందుకు?" అన్నాడు ఓబలప్ప.

"చెప్పొద్దక్కా!" మొదటి వరుసలోంచి నాగేశ్ అరిచాడు. "ఆ మనిషి పేరు పలికితే మీ నోరు పాడవుతాది!"

సౌభాగ్య అతని వైపు చూడలేదు. కొంగు సర్దుకుని ఓబలప్ప వైపు తిరిగింది.

"పెండ్లైనప్పట్నించి మా ఇంటాయన పేరు నేను నోటితో చెప్పింది లేదు సార్, మీరే రాసుకోండి."