పోస్టులో వచ్చిన మాత్రలు

భార్యకు బీపీ మాత్రలు తెస్తానని మందుల షాపుకు వెళ్తే భర్త ఓ పట్టాన తిరిగి రాడు. షాపు నడిపేది నవ్వుమొహం అమ్మాయి. భార్యకు ఒళ్ళు మండి, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టింది. మాత్రలు పోస్టులో ఇంటికే వచ్చాయి.

"ఇంక ఆ వీధి తొక్కే పనేముంది మీకు?"

ఆయన మొహం పాలిపోయింది. ఆమె అనుమానం రూఢి అయింది.

వారం తిరక్కుండా షాపమ్మాయే పొట్లం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, అన్నయ్య రావడం మానేశారేం? గుండె మాత్రలు ఆపితే ప్రమాదం."

"గుండె మాత్రలా? ఎవరికి?"

"అన్నయ్యకే. మీకసలే బీపీ, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

భార్య పొట్లం లాక్కుని లోపలికి పరిగెత్తింది. ఆయన చేత మాత్ర మింగించింది. ఆయన గ్లాసు దించాక భోరుమంది.

"ఆ అమ్మాయికి చెప్పుకున్నారు గానీ, నాకు చెప్పలేదేం?"